పాకిస్తాన్ కోసం కట్టిన 83 కోట్లు: పార్లమెంటు మంజూరు కాగితం వెతుక్కుంటూ వెళ్ళిన నా అనుభవం

2025 ఏప్రిల్ 23న సింధు జలాల ఒప్పందాన్ని భారత ప్రభుత్వం నిలిపివేసిన తర్వాత కొన్ని వారాలపాటు కర్నూలులోని మా పెన్షనర్ల సంఘంలో సాయంత్రాలు ఆ మాటలతోనే గడిచాయి. నదుల పంపకం సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. ఆ ఒప్పందం కింద భారతదేశం పదేళ్ళ వాయిదాల్లో పాకిస్తాన్ కోసం డబ్బు కూడా కట్టిందని చెబితే మాత్రం నమ్మినవాళ్ళు తక్కువ. నమ్మినవాళ్ళలోనూ కొందరు దాన్ని 1948 జనవరిలో గాంధీజీ నిరాహార దీక్ష నాళ్ళలో విడుదలైన 55 కోట్లతో కలిపేశారు. ఆ 55 కోట్లు విభజనప్పుడు పంచుకున్న నగదు నిల్వల్లో పాకిస్తాన్ వాటా. నేను చెప్పేది 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందంలోని అయిదో అధికరణం కింద భారతదేశం కట్టడానికి ఒప్పుకున్న 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌండ్ల గురించి. అప్పటి మారకం విలువ ప్రకారం అది దాదాపు 83 కోట్ల రూపాయలు.

నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లు, దానికొక పద్దు, ఆ పద్దుకు చట్టసభ మంజూరు లేకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మాకు నేర్పారు. చట్టం ప్రకారం తప్ప, ప్రభుత్వ రాబడి జమయ్యే సంఘటిత నిధి నుంచి ఏ మొత్తమూ తీయరాదని రాజ్యాంగం 266వ అధికరణం చెబుతుంది. యుద్ధం చేసిన, మళ్ళీ చేయబోతున్న ఒక దేశం కోసం ఏటా కోట్ల రూపాయలు విదేశీ మారకంలో వెళ్ళాయంటే, ప్రతి ఏడాదీ ఎక్కడో ఒక పద్దు కింద లోక్‌సభ దానికి తల ఊపి ఉండాలి. ఆ పద్దు ఏది, దాని మీద ఎవరైనా నోరు విప్పి అడిగారా అన్నది నాకు తెలుసుకోవాలనిపించింది. ఆ డబ్బు కట్టడం తప్పని నేను అనడం లేదు. రావి, బియాస్, సట్లెజ్ నదుల నీళ్ళు పూర్తిగా మనకు దక్కినందుకు, అంతవరకు ఆ నీళ్ళ మీద బతికిన పాకిస్తాన్ కాలువలకు వేరే నీటి వసతి కల్పించే పనుల ఖర్చులో మన వంతు అది. ఆ బేరం న్యాయమైనదే కావచ్చు. అయినా న్యాయమైన ఖర్చుకు కూడా మంజూరు కాగితం ఉండాలి, ఆ కాగితం పౌరుడు అడిగితే కనిపించాలి.

మే నెలంతా చదవడంతోనే సరిపోయింది. ఒప్పందం పూర్తి పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయిదో అధికరణాన్ని ఖజానా మనిషిగా చదివితే కొన్ని వాక్యాల దగ్గర ఆగిపోక తప్పదు. ఏటా నవంబరు 1న, పది సమాన వాయిదాల్లో చెల్లించాలి. ఏ దేశపు నాణెం విలువ ఎలా మారినా పౌండ్లలో ఆ మొత్తం మారదు. పాకిస్తాన్ నుంచి మనకు వేరే ఏ బాకీ రావలసి ఉన్నా దాన్ని ఇందులో మినహాయించుకోకూడదు. ఈ చివరి నిబంధన దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకంటే విభజనకు ముందటి అప్పులో పాకిస్తాన్ వాటాగా 300 కోట్ల రూపాయలు రావలసి ఉందని మన కేంద్ర ప్రభుత్వ పత్రాలు దశాబ్దాల తర్వాత కూడా చూపిస్తూనే వచ్చాయి. రావలసినది పుస్తకంలో ఉండిపోయింది, ఇవ్వవలసినది మినహాయింపు లేకుండా వెళ్ళింది.

విలువ మారదన్న నిబంధనకు నేనే లెక్క వేసి చూశాను. ఒక్కో వాయిదా 62 లక్షల 6 వేల పౌండ్లు. పౌండుకు 13 రూపాయల 33 పైసలున్న రోజుల్లో అది సుమారు 8 కోట్ల 27 లక్షలు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించాక పౌండు 21 రూపాయలైంది, అదే వాయిదా 13 కోట్లు దాటింది. మరుసటి ఏడాది నవంబరులో బ్రిటన్ కూడా పౌండు విలువ తగ్గించుకోవడంతో కొంత దిగి 11 కోట్ల 17 లక్షల దగ్గర నిలిచింది. అంటే పత్రికల్లో నేటికీ చెప్పే 83 కోట్లు ఒప్పందం నాటి అంచనా మాత్రమే. రూపాయల్లో మన ఖజానా మీద నిజంగా పడినది అంతకన్నా ఎక్కువే అయి ఉండాలి. బడ్జెటులో వేసిన మొత్తం చాలకపోతే అనుబంధ గ్రాంటు కావాలి, దానికి మళ్ళీ సభ ముందుకు రావాలి. 1966 తర్వాత అలా వచ్చారా అన్నది నా ప్రశ్నల్లో రెండోది అయింది.

లోక్‌సభ చర్చల పాత సంపుటాలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. రుసుము లేదు. కాకపోతే అవి స్కాన్ చేసిన పుటలు, ఫైళ్ళు బరువుగా ఉంటాయి, పదం కొట్టి వెతికితే చాలాసార్లు దొరకదు, తేదీ తెలిసి వెళితేనే పని జరుగుతుంది. నాకు కావలసిన తేదీ 1960 నవంబరు 30. హిందీ ప్రసంగాలు దేవనాగరిలోనే అచ్చయి ఉంటాయి కాబట్టి మా వీధిలోని రిటైర్డు హిందీ పండితుల్ని బతిమాలి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ రోజు చర్చ చదువుతుంటే నాకు గర్వం, బాధ రెండూ కలిగాయి. పాలక పక్షమైన కాంగ్రెసు సభ్యులే ప్రభుత్వాన్ని నిలదీశారు. హరిశ్చంద్ర మాథుర్ మన పక్షం మరీ ఉదారంగా పోయిందన్నారు. బెంగాల్ సభ్యుడు ఎ.సి. గుహ, విదేశీ మారకానికి దేశం కటకటలాడుతున్న రోజుల్లో 83 కోట్లు పౌండ్లలో కట్టడాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. ప్రజా సోషలిస్టు పార్టీకి చెందిన అశోక్ మెహతా దీన్ని రెండో విభజనగా వర్ణించారు. యువకుడైన వాజపేయి కూడా ఆ రోజు మాట్లాడారు. నెహ్రూ జవాబు సారాంశం, ఒక పరిష్కారాన్ని, ఆ మేరకు శాంతిని కొనుక్కున్నామని. అప్పటి లోక్‌సభ స్పీకరు మన చిత్తూరు సభ్యుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అన్నది కూడా నాకు గుర్తుకొచ్చింది.

సంతకాలు అయినది సెప్టెంబరులో, చర్చ నవంబరు చివర్లో. ధ్రువీకరణ పత్రాలను రెండు దేశాలూ 1961 జనవరి 12న ఇచ్చిపుచ్చుకున్నాయి. మన రాజ్యాంగం కింద విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం ప్రభుత్వం పని, సభ ముందస్తు అనుమతి అక్కర లేదు. కాబట్టి గుహ గారి ఆక్షేపణకు ఆ రోజు బలం ఒక్కటే, డబ్బు మంజూరు సమయంలో మళ్ళీ అడగగలగడం. అలా ఎవరైనా అడిగారా? 1965లో కాల్పుల విరమణ సెప్టెంబరు 23న జరిగింది, తర్వాతి వాయిదా నవంబరు 1న కట్టవలసి ఉంది, ఆ వాయిదా కూడా ఆగలేదు. యుద్ధంలో పోయిన సైనికుల ఇళ్ళలో ఇంకా మైల తీరని రోజులవి. ఆ డబ్బు గురించి సభకు ఏం చెప్పారో చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

జూన్ 9న ఆన్‌లైన్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. రుసుము 10 రూపాయలు. ఆన్‌లైన్ పెట్టెలో 3000 అక్షరాలకు మించి పట్టదు, పొడవైతే విడిగా పీడీఎఫ్ జతచేయాలి. నాలుగు రోజులకే ఇది మాది కాదంటూ ఆరో సెక్షన్ కింద ఇంకో మంత్రిత్వ శాఖకు బదిలీ చేసినట్టు సందేశం వచ్చింది. బదిలీ జరిగితే 30 రోజుల గడువు రెండో కార్యాలయానికి చేరినప్పటి నుంచి మొదలవుతుందని లెక్క పెట్టుకోవాలి. జులై 18న జవాబు వచ్చింది: ‘పాకిస్తాన్ ప్రభుత్వానికి చేసిన చెల్లింపుల సమాచారం ఈ కార్యాలయంలో లేదు.’

ఆ ఒక్క వాక్యం చూసి మొదట కోపం వచ్చింది, తర్వాత ఒప్పందం మళ్ళీ తెరిచాను. అయిదో అధికరణం మూడో పేరాలో ఉంది విషయం. ప్రతి వాయిదానూ ప్రపంచ బ్యాంకుకు, సింధు పరీవాహక అభివృద్ధి నిధి ఖాతాలో జమకట్టేలా చెల్లించాలి. ఓచరు మీద గ్రహీత పేరు పాకిస్తాన్ అయి ఉండదు, బ్యాంకు అయి ఉంటుంది. ఆ అధికారి అక్షరాల నిజమే రాశారు. ఇటువంటి చెల్లింపుల గురించి అడిగేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూడవలసినది ఇదే: డబ్బు చివరికి ఎవరికి చేరిందని కాకుండా, ఎవరి పేరున బయటికి వెళ్ళిందని అడగాలి.

జులై 28న మొదటి అప్పీలు వేశాను. దీనికి రుసుము లేదు. 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. సెప్టెంబరు 8న ఉత్తర్వు వచ్చింది, దరఖాస్తును మళ్ళీ పరిశీలించమని కింది అధికారికి చెబుతూ. నాకు ఆ పూట ఎంతో సంతోషం కలిగింది. సెప్టెంబరు 29న వచ్చిన కొత్త జవాబు ఆ సంతోషాన్ని నిలవనివ్వలేదు. కొన్ని పాత దస్త్రాలు జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) పంపామని, మిగిలినవి విదేశంతో సంబంధాలకు భంగం కలిగించేవి కాబట్టి ఎనిమిదో సెక్షన్‌లోని మొదటి మినహాయింపు కింద ఇవ్వలేమని అందులో ఉంది. ఏ దస్త్రం ఏ విధంగా భంగం కలిగిస్తుందో ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్ళు దాటిన సమాచారం ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉందని మిత్రులు ధైర్యం చెప్పారు గానీ, ఆ నిబంధన ఈ మినహాయింపుకు వర్తించదు. విదేశీ సంబంధాలు, సభా హక్కులు, మంత్రివర్గ పత్రాలు అనే మూడింటిని ఇరవై ఏళ్ళ నియమం తాకదు. అరవై ఏళ్ళు దాటినా అదే తలుపు. అయితే నిరాకరించినవారే కారణం చూపాలన్న నియమం ఉంది, నా తదుపరి వాదన అంతా దాని మీదే నిలబడింది.

ఆ మధ్యలో నవంబరు మొదటి వారంలో మా పార్లమెంటు సభ్యుని కార్యాలయానికి వెళ్ళాను. శీతాకాల సమావేశాల్లో నక్షత్ర గుర్తు లేని ప్రశ్న, అంటే రాతపూర్వక జవాబు వచ్చే ప్రశ్న ఒకటి వేయించగలరేమోనని. అక్కడి సహాయకుడు చాలా మర్యాదగా కూర్చోబెట్టి, నా కాగితం పూర్తిగా చదివి, ‘మీ ప్రశ్న బాగుంది సార్, కానీ నిలబడదు’ అన్నాడు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది సమస్య కాదు. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ప్రకారం గత చరిత్రకు సంబంధించిన సమాచారాన్ని ప్రశ్న సాధారణంగా అడగకూడదు. ఆ మాట విన్నాక నేను కొంతసేపు ఏమీ అనలేకపోయాను. ఒప్పందం జరుగుతున్నప్పుడు అది ప్రభుత్వం అధికారం, జరిగాక పాతబడితే గత చరిత్ర. ఈ రెంటి మధ్య సభకు మిగిలే కాలం ఆ ఏటి పద్దు చర్చకు వచ్చే కొద్ది గంటలే. పద్దులు ఎన్నో చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటుకు వెళ్ళిపోతాయని మనకు తెలియనిది కాదు.

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు ఫోనులో, ‘మామయ్యా, ఇక్కడా ఇదే గొడవ జరిగింది’ అంటూ 2016 నాటి సంగతి గుర్తుచేశాడు. ఇరాన్‌తో పాత ఆయుధాల ఒప్పందం తాలూకు వివాదంలో 170 కోట్ల డాలర్లకు రాజీ కుదిరి, మొదటి 40 కోట్లు ఆ ఏడాది జనవరిలో విదేశీ నోట్ల రూపంలో విమానంలో వెళ్ళాయి. ఖైదీల విడుదల కూడా అదే సమయంలో జరగడం, నోట్లు వెళ్ళిన తీరు ఆగస్టులో పత్రికల్లో రావడంతో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెసులో పెద్ద దుమారం రేగింది. రాజీ సొమ్ములో ఎక్కువ భాగం తీర్పుల చెల్లింపు కోసం ఏర్పాటైన ఒక శాశ్వత నిధి నుంచి వెళ్ళింది, దానికి ఏటా సభ మంజూరు అక్కర లేదు. సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఇటువంటి చెల్లింపులను కట్టడి చేసే బిల్లును 254–163 ఓట్లతో ఆమోదించింది గానీ అది చట్టం కాలేదు. మన దగ్గర అలాంటి శాశ్వత నిధి మాటున కాకుండా ఏటేటా మంజూరుతో వెళ్ళి ఉండాలి కాబట్టి, ఆ విషయంలో మన ఏర్పాటే మెరుగని నా నమ్మకం. ఆ మంజూరు కాగితం చూపగలిగితేనే ఆ మాటకు విలువ.

డిసెంబరు 15న కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. గడువు 90 రోజులు. దీనికీ రుసుము లేదు గానీ, అప్పీలు ప్రతిని అవతలి అధికారికి పంపినట్టు రుజువు జతచేయాలి. పోస్టాఫీసులో అలవాటు కొద్దీ రిజిస్టర్డు పోస్టు అని అడిగితే, అది స్పీడు పోస్టులో కలిసిపోయిందని కౌంటరులోని అమ్మాయి చెప్పింది. ఆ రసీదు, దరఖాస్తు, రెండు జవాబులు, అప్పీలు ఉత్తర్వు అన్నీ వరసగా ఒకే పీడీఎఫ్‌గా చేయించడానికి నెట్ సెంటరులో ఒక పూట పట్టింది. పుటల సంఖ్యలు వేసి, విషయసూచిక పెట్టి పంపడం మంచిది. ఏ కాగితం లేకపోయినా లోపం చూపి తిప్పి పంపుతారని అనుభవం ఉన్నవాళ్ళు హెచ్చరించారు.

జనవరిలో ఢిల్లీ వెళ్ళాను. కర్నూలు సిటీలో సంపర్క్ క్రాంతి ఎక్కితే పొగమంచు వల్ల చాలా ఆలస్యంగా దిగాం. ఎవరైనా ఈ పని మీద వెళ్ళేటట్టయితే జనవరి రెండో సగం వద్దు. అభిలేఖాగారం జనపథ్‌లో ఉంది, గణతంత్ర దినోత్సవ కవాతు సన్నాహాల వల్ల ఆ చుట్టుపక్కల దారులు ఎప్పుడు మూస్తారో తెలియదు. ఆధార్ చూపి, ఫారం నింపి పరిశోధకుల గదిలో చేరాక అక్కడి ఉద్యోగులు నా వయసు చూసి ఎంతో ఓపికగా సూచికలు వాడే పద్ధతి చెప్పారు. కావలసిన దస్త్రం సంఖ్య చీటీ మీద రాసి ఇవ్వాలి, తెచ్చేదాకా వేచి ఉండాలి. ఒప్పందానికి ముందు జరిగిన చర్చల దస్త్రాలు కొన్ని వచ్చాయి. చెల్లింపులకు సంబంధించినవని సూచికలో పేరును బట్టి నేను ఎంచినవాటి చీటీలు మాత్రం ‘ఎన్.టి.’ అన్న రెండక్షరాలతో తిరిగొచ్చాయి. బదిలీ కాలేదు అని దాని అర్థం. అంటే సూచికలో పేరుంది, దస్త్రం మాత్రం ఇంకా ఆ మంత్రిత్వ శాఖ దగ్గరే ఉందన్నమాట. పక్క బల్ల దగ్గరున్న పరిశోధక విద్యార్థిని తన చీటీలు చూపించింది, వాటిలో సగం మీద అవే అక్షరాలు.

ఆ చీటీలు నాకు నిరాశ కలిగించినా, నా కేసుకు అవే ముఖ్యమైన సాక్ష్యం అయ్యాయి. దస్త్రాలు అభిలేఖాగారానికి పంపామని కార్యాలయం రాతపూర్వకంగా చెప్పింది, పంపలేదని చీటీ చెబుతోంది. వాటి నకళ్ళను అదనపు పత్రాలుగా కమిషన్‌కు పంపాను. డైరీ సంఖ్య వచ్చింది, విచారణ తేదీ ఇంకా రాలేదు. తేదీ వచ్చినప్పుడు ఢిల్లీ వెళ్ళనక్కర లేదు, మా కలెక్టరేటులోని ఎన్ఐసీ (జాతీయ సమాచార సాంకేతిక కేంద్రం) గదిలో వీడియో ద్వారా హాజరు కావచ్చు. ఖర్చు సంగతి అడిగేవాళ్ళ కోసం: ప్రభుత్వానికి కట్టినది మొదటి 10 రూపాయలే. మిగిలినదంతా రైలు, కరోల్‌బాగ్‌లో బస, స్కానింగు, పోస్టు. నకళ్ళు ఇస్తే పుటకు 2 రూపాయలు తీసుకుంటారు, దస్త్రాలు అక్కడికక్కడే చూస్తామంటే మొదటి గంటకు రుసుము లేదు.

విచారణ కోసం ఎదురుచూస్తూ, ఢిల్లీ నుంచి తిరిగి వచ్చిన వారంలోనే కొత్త దరఖాస్తు కూడా పెట్టాను. ఈసారి విదేశీ సంబంధాల ప్రస్తావనే రాకుండా, సభకు ఇప్పటికే సమర్పించి ఉండవలసిన పత్రాల గురించి మాత్రమే అడిగాను. సభ ముందు పెట్టిన కాగితాన్ని రహస్యమనడం కష్టం. ఇలాంటి పని తలపెట్టినవాళ్ళకు ఉపయోగపడుతుందని దాని పాఠం ఇక్కడ ఇస్తున్నాను:

‘1960–61 నుంచి 1969–70 వరకు ప్రతి ఆర్థిక సంవత్సరంలో, సింధు జలాల ఒప్పందం అయిదో అధికరణం కింద ప్రపంచ బ్యాంకుకు, సింధు పరీవాహక అభివృద్ధి నిధి ఖాతాకు చెల్లించిన మొత్తం ఏ గ్రాంటు డిమాండు, ఏ పద్దు కింద లోక్‌సభ మంజూరు పొందిందో తెలియజేయగలరు. 1966–67లో ఇందుకోసం అనుబంధ గ్రాంటు కోరి ఉంటే ఆ పత్రం నకలు ఇవ్వగలరు. ఈ చెల్లింపులపై కాగ్ వ్యాఖ్య గానీ, ప్రభుత్వ ఖాతాల సంఘం పరిశీలన గానీ ఉంటే ఆ నివేదిక సంఖ్య, పుట తెలియజేయగలరు. సంబంధిత దస్త్రాలు ధ్వంసం చేసి ఉంటే, ఆ తేదీ, ఆదేశించిన అధికారి హోదా నమోదైన రిజిస్టరు పుట నకలు ఇవ్వగలరు.’